కదలని గీత

పళ్ళ డాక్టరు ఇంట్లో వీధి చప్పుడు వినబడని గది ఒకే ఒక్కటి. ఎదురుగా తలుపులూ కిటికీలూ చేసే వడ్రంగి కొట్టుంది. పొద్దున్నే పట్టుకున్న రంపాన్ని అతను దీపాలు పెట్టేవేళ దాకా దింపడు. ముందుగదిలో కూర్చుంటే మాట వినబడదు, పడకగదిలో పడుకుంటే రంపం మన మెడ మీదే ఆడుతున్నట్టుంటుంది. ఇంటి వెనక, మెట్ల పక్కనున్న ఆ చిన్న గదిలోకి మాత్రం ఎండా రాదు, గాలీ రాదు, రంపమూ రాదు. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఓ గంట నడుం వాల్చడానికే కట్టినట్టుంటుంది. అయితే అక్కడ డాక్టరు పెట్టెలు నడుం వాల్చి ఉన్నాయి. మనిషికి చోటు లేదు.

ఆ ఇంటి ఇల్లాలిని అందరూ అక్కయ్య అంటారు. నిజానికి ఆవిడ అక్కయ్య అయింది ఒక్కడికే, లిఫ్టులు బాగుచేసే సొంత తమ్ముడికి. వాడు రోజూ గుమ్మంలోంచే "అక్కయ్యా!" అని కేకేస్తుంటే విని విని, పాలవాడి దగ్గర్నుంచి ఇంటికొచ్చే పెద్దమనుషుల దాకా అదే పిలుపు పట్టుకున్నారు. పెళ్ళినాటికి ఆవిడ చేతిలో ఫిజిక్సు డిగ్రీ ఉండేది. తర్వాత దాన్ని ఎక్కడ పెట్టావని ఎవరూ అడగలేదు, ఆవిడా చెప్పలేదు.

డాక్టరు పగలంతా జనం చేత నోళ్ళు తెరిపిస్తాడు. సాయంత్రం ఇంటికొచ్చి తన నోరు తెరుస్తాడు. తెరిస్తే ఒకటే మాట: నిలకడ. చేతిగడియారంలో ఉండేలాంటి స్ఫటికపు ముక్కేనట. దాన్ని ఓ చిన్న పెట్టెలో పెట్టి, ఎప్పుడూ ఒకే వెచ్చదనంలో ఉంచితే, సెకనుకి కోటిసార్లు కొట్టుకుంటుందట. కోటిసార్లు కొట్టుకోవడం గొప్ప కాదట. ఈ సెకను ఎలా కొట్టుకుందో వచ్చే సెకనూ అలాగే, వణుకూ తడబాటూ లేకుండా కొట్టుకోవడం గొప్పట. ఇలాంటి పెట్టెలు ఇంట్లో చేసుకునేవాళ్ళు ఊళ్ళో మరికొందరున్నారు. వాళ్ళకో సంఘం, సంఘానికి నెలకో మీటింగు. ఆ మీటింగుకి ఎవరూ టైముకి రారని అక్కయ్య గమనించింది గానీ, ఎవరితోనూ అనలేదు.

ఆ గదిలో రెండు పెట్టెలున్నాయి. డాక్టరు చేసినది ఒకటి, తమ్ముడు చేసినది ఒకటి. రెండిటినీ ఓ కొలిచే యంత్రానికి తగిలిస్తే, వాటి మధ్య తేడాని అది కంప్యూటరు తెర మీద గీతగా గీస్తుంది. గీత ఎగుడుదిగుడుగా ఉంటే ఏదో ఒక పెట్టె వణుకుతున్నట్టు. తిన్నగా సాగితే రెండూ బాగున్నట్టు. వణికేది ఎవరి పెట్టో గీత చెప్పదు. ఆ సంగతి చెప్పే పని బావా బావమరుదులు చేసేవారు.

"నీ పెట్టెకి జ్వరం తగిలినట్టుందిరా."

"నాది రాయిలా కూర్చుంది బావా. నీదే, నీ కుర్చీ ఎక్కినవాడిలా మెలికలు తిరుగుతోంది."

"లిఫ్టులు బాగుచేసే చెయ్యి మరి. పైకీ కిందకీ పోవడం తప్ప దానికింకేం చేతనవును?"

ఏళ్ళ తరబడి ఇదే కచేరీ. ఈమధ్యే అది ఆగిపోయింది. బల్ల మీద వైర్లు చిందరవందరగా ఉన్నాయని తమ్ముడు విసుక్కుని, రెండు పెట్టెలకీ వేరువేరుగా ఉన్న కరెంటు సప్లైలు తీసేశాడు. వాటి బదులు తనే ఓ పెద్ద సప్లై తయారుచేసి, రెండిటికీ అందులోంచే కరెంటిచ్చాడు. బల్ల శుభ్రపడింది. నాలుగు రోజులకి గీత కూడా శుభ్రపడింది. అద్దం మీద గీసినట్టు, తెర ఈ చివరనుంచి ఆ చివరకి తిన్నగా పోయింది. సంఘంలో ఎవరింట్లోనూ అలాంటి గీత పుట్టలేదు. డాక్టరు దాన్ని అచ్చువేయించి సంఘంలో అందరికీ పంచిపెట్టాడు. క్లినిక్కులో కూడా ఓ కాపీ గోడకి అంటించాడు. నోట్లో దూది కుక్కించుకుని వెల్లకిలా పడుకున్నవాళ్ళు దాని గొప్పతనం వినక తప్పేది కాదు.

సరిగ్గా అప్పుడే సంఘం వాళ్ళ రుబీడియం పెట్టె సంగతి వచ్చింది. అందరూ కలిసి సంపాదించుకున్న అణుగడియారం పెట్టె అది. దాని ముందు ఈ స్ఫటికాలు పలకా బలపం పట్టుకున్న పిల్లల్లాంటివి. ఇన్నాళ్ళూ దాన్ని చూసుకున్నాయన ఇల్లు మారుతున్నాడు. కొత్తింట్లో పక్కనే పిండిమర. ఇక దాన్ని ఎవరికి అప్పగించాలో ఆదివారం తేలుస్తారు. కొలతలు సరిచూసే ఆఫీసులో జీవితమంతా పనిచేసి రిటైరైన పెద్దాయన, తన సొంత పెట్టె పట్టుకుని డాక్టరింటికి వస్తాడు. దానితో ఈ రెండిటినీ పోల్చి చూసి, గీత నిజమైతే రుబీడియం ఇక్కడే.

"అదొస్తే ఆ గది ఇక పూర్తిగా పోయినట్టేనా?" అంది అక్కయ్య.

"పోవడమేంటి? గదికి విలువొస్తుంది."

"రాకపోతే?"

డాక్టరు నవ్వాడు. రాకపోవడమనే మాటకి ఆయన మనసులో చోటే లేదు. "రాకపోతే ఇవన్నీ అటకెక్కించేస్తాను. గది నీకే. మంచం నేనే మోసుకొచ్చి వేస్తాను. సరేనా?"

"తమ్ముడి ఎదురుగా అన్నారు, గుర్తుపెట్టుకోండి."

"నన్నెందుకు లాగుతావక్కయ్యా మధ్యలోకి?" అన్నాడు తమ్ముడు. "మంచం మొయ్యడానికి ఎలాగూ నన్నే పిలుస్తాడు."

ఆ వారం ముసురు పట్టింది. వంటింట్లో పెరుగు తోడుకోవడం మానేసింది. ఎన్ని మూతలు పెట్టినా, ఎన్ని గుడ్డలు చుట్టినా, పొద్దున చూస్తే పాలు పాలలాగే ఉండేవి, కాస్త పులుపెక్కి. పాలగిన్నె పట్టుకుని వెచ్చని చోటు కోసం ఇల్లంతా తిరిగిన అక్కయ్యకి చివరికి డాక్టరు పెట్టె గుర్తొచ్చింది. రాత్రీ పగలూ ఒకే వెచ్చదనంలో ఉండడం దాని ఉద్యోగం. పెరుగుకి కావలసిందీ అంతే. పైగా దాని నెత్తి బల్లపరుపుగా, గిన్నె అడుగుకి అచ్చంగా సరిపోయేట్టుంది. ఆయన క్లినిక్కుకి వెళ్ళాక పెట్టి, వచ్చేలోగా తీసేసింది. ఆ సాయంత్రం పెరుగు గరిటె గుచ్చితే నిలబడేంత గట్టిగా తోడుకుంది. డాక్టరు రెండోసారి వడ్డించుకుని, "పాలవాడు మారాడా?" అని అడిగాడు.

మర్నాడు మళ్ళీ పెట్టింది. మూడోనాడు మధ్యాహ్నం గిన్నె తీస్తూ, యథాలాపంగా తెర వైపు చూసింది. గీత తిన్నగా ఉంది. పొద్దున గిన్నె పెట్టిన చోటా తిన్నగానే ఉంది, నిన్నా, మొన్నా కూడా.

ఆవిడ గిన్నె చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఒకసారి "భోజనానికి రండి" అని ఆ గది తలుపు కాసేపు తెరిచి పట్టుకున్నందుకే గీత వంగిపోయిందని ఈ మనిషి రెండు పూటలు మొహం మాడ్చుకుని కూర్చున్నాడు. తలుపుగాలికే అలిగే పెట్టె నెత్తిన వేడిపాల గిన్నె పెడితే ఎందుకు ఊరుకుంది? అలగాల్సినవాళ్ళు అలగకపోతే ఇల్లాలికి ముందు వచ్చేది సంతోషం కాదు, అనుమానం.

వంటింట్లోకి వెళ్ళి వేడినీళ్ళ సంచి నింపుకొచ్చింది. డాక్టరు పెట్టె మీద పెట్టి, ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చుంది. గీత వెంట్రుకవాసి ఒరిగి, ఆగిపోయింది. ఎండలో పెట్టిన మనిషిలా అది అలా జారుతూనే పోవాలి. పోలేదు. సంచి తీసేసి, తడిగుడ్డ పిండి తమ్ముడి పెట్టె మీద కప్పింది. అదీ అంతే. రెండూ ఒకదాని చెయ్యి ఒకటి గట్టిగా పట్టుకుని, నువ్వెటంటే నేనటు అన్నట్టున్నాయి.

కాలేజీలో ఎప్పుడో విన్న పాఠం ఆవిడకి గుర్తొచ్చింది. ఒకే చెక్కకి రెండు లోలకం గడియారాలు తగిలిస్తే, ఆ చెక్క వణుకు ఒకదాన్నించి ఒకదానికి పాకి, కొన్నాళ్ళకి రెండూ ఒక్క ఊపు ఊగుతాయి. మంచి గడియారాలు కాబట్టి కాదు, ఒకే చెక్క కాబట్టి. ఆవిడ వంగి బల్లకిందకి చూసింది. తమ్ముడు చేసిన సప్లైలోంచి రెండు వైర్లు, చక్కగా దువ్వి జడ వేసినట్టు, రెండు పెట్టెల్లోకీ పోతున్నాయి. చెక్క కనబడింది.

అంటే ఆదివారం పెద్దాయన తన పెట్టె తగిలించగానే, పక్కపక్కన తిన్నగా నడుస్తున్నట్టు కనబడుతున్న ఈ రెండు పెట్టెలూ చేతులు పట్టుకుని మరీ తూలుతున్నాయని తేలిపోతుంది. సంఘమంతా చూస్తుండగా. రుబీడియం రాదు. మంచం వస్తుంది.

ఆవిడ చెయ్యాల్సిందల్లా నోరు మూసుకుని కూర్చోవడం. పెళ్ళయినప్పటినుంచీ ఇంత తేలిగ్గా ఏదీ ఆవిడ చేతికి రాలేదు. జానలతో గోడ కొలిచి చూసింది కూడా. మంచం పడుతుంది, తలవైపు చిన్న బల్ల కూడా పడుతుంది. ఆ సాయంత్రమంతా ఆవిడ హుషారుగా ఉంది. కూరలో ఉప్పు రెండుసార్లు వేసింది.

శుక్రవారం పొద్దున పడకగదిలోకి వెళ్ళబోయి గుమ్మం దగ్గర ఆగింది. డాక్టరు అద్దం ముందు నిలబడి, చొక్కా సర్దుకుంటూ, అద్దంలో మనిషితో మాట్లాడుతున్నాడు.

"అబ్బే, గొప్పేముందండీ. ఏదో చిన్న ప్రయత్నం." బాగాలేదనిపించిందేమో, మళ్ళీ అందుకున్నాడు. "నాదేముంది, మా బావమరిది సాయం లేకపోతే..." ఇది నచ్చినట్టుంది. తల కాస్త వంచి, వినయం సరిపోయిందా లేదా అని ఓరగా చూసుకున్నాడు. తమ్ముణ్ణి ఆయన పొగడడం అక్కయ్య ఎప్పుడూ వినలేదు.

ఆవిడ చప్పుడు చెయ్యకుండా వెనక్కి వచ్చేసి, స్టవ్ మీద ఏమీ లేకపోయినా కాసేపు కలుపుతూ నిలబడింది.

రాత్రి భోజనాల దగ్గర బావా బావమరుదులిద్దరికీ వడ్డించి చెప్పేసింది. "మీ గీత అబద్ధం."

"ఏ గీత?" అన్నాడు డాక్టరు, ఇంట్లో ఇంకేవో గీతలున్నట్టు.

"కదలట్లేదు. కదలాలి."

"కదలకపోవడమే కదా పిచ్చిదానా గొప్ప!"

"మీ పెట్టె మీద మూడు రోజులబట్టి పెరుగు తోడుపెడుతున్నాను. వేడినీళ్ళ సంచి కూడా పెట్టి చూశాను. వీడి దాని మీద తడిగుడ్డ కప్పాను. ఉలుకూ పలుకూ లేదు."

డాక్టరు చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. కంచంలో పెరుగు వైపు చూశాడు. "నా... నా ఆసిలేటర్ మీద... పెరుగా?"

"బావా, అది కాదు విను..."

"నువ్వూరుకో! రెండేళ్ళు! రెండేళ్ళనించి దాని దగ్గర గట్టిగా తుమ్మలేదు నేను! జలుబు చేస్తే వరండాలో పడుకున్నాను!"

"అదే నేనూ అంటున్నది," అంది అక్కయ్య. "తుమ్మితే అలిగేది, నెత్తిన గిన్నె పెడితే ఎందుకూరుకుంది?"

డాక్టరు నోరు తెరిచాడు. మాట మాత్రం తమ్ముడికి వచ్చింది. "సప్లై," అన్నాడు మెల్లిగా. వాడి మొహం తెల్లబోయింది. "బావా... నేను వేసిన సప్లై."

చెయ్యి కడుక్కోకుండానే లేచాడు. లిఫ్టు మధ్యలో ఆగితే లోపల దీపం వెలిగించే బ్యాటరీ ఒకటి వాడి సంచిలో ఎప్పుడూ ఉంటుంది. దాన్ని తన పెట్టెకి తగిలించి, అది అందుకున్నాక సప్లై వైరు ఊడదీశాడు. పెట్టె ఒక్క క్షణం కూడా ఆరిపోలేదు. కదపనూ లేదు. తెగిందల్లా ఆ ఒక్క వైరు. ముగ్గురూ తెర ముందు నిలబడ్డారు. గీత కాసేపు ఏం చెయ్యాలో తెలియనట్టు తచ్చాడింది. తర్వాత జారుడుబల్ల మీద పిల్లాడిలా ఒక పక్కకి జారుకుంటూ పోయింది. దారిలో వంకరలూ, వణుకులూ. పాత గీతే. పాత జబ్బులన్నీ వెంటబెట్టుకుని వచ్చింది.

డాక్టరు స్టూలు మీద కూలబడ్డాడు.

"ఆదివారం మళ్ళీ కలిపేస్తే?" అన్నాడు, తెరవైపే చూస్తూ. "పెద్దాయన పెట్టెకి కూడా కరెంటు కావాలిగా. మర్యాదకి మన సప్లైలోంచే ఇస్తే..."

"ఇస్తే మూడు పెట్టెలూ కలిసి ఒకటే భజన చేస్తాయి. సంఘమంతా తాళం వేస్తుంది," అన్నాడు తమ్ముడు.

డాక్టరు నవ్వలేదు. వద్దనీ అనలేదు. అక్కయ్య కంచాలు తీయడానికి వెళ్ళిపోయింది. చెప్పాల్సింది చెప్పేసింది. వైరు ఆయన చేతిలో ఉంది. శనివారమంతా ఆ గది తలుపు మూసే ఉంది. లోపల ఏం జరిగిందో ఆవిడ అడగలేదు. పెరుగు మాత్రం తోడుకోలేదు.

ఆదివారం పెద్దాయన వచ్చాడు. కారు వెనక సీట్లో, ఒళ్ళో పెట్టె, పెట్టెకి బ్యాటరీ, మూడిటికీ కలిపి ఒకటే బెల్టు. "మెల్లిగా, మెల్లిగా," అంటూ దిగాడు. అలా అన్నది మోకాళ్ళ గురించో, పెట్టె గురించో తెలియలేదు. వెనక సంఘం వాళ్ళు ఓ ఆరుగురు. గది చిన్నది కావడంతో సగంమంది మెట్ల మీద నిలబడ్డారు.

డాక్టరు కొత్త చొక్కా వేసుకున్నాడు. అద్దం ముందు వల్లెవేసిన మాటల్లో ఒక్కటీ బయటికి రాలేదు.

"మీ అందరికీ పోయిన నెల ఓ గీత ఇచ్చాను. దాన్ని చించెయ్యండి," అన్నాడు. "రెండు పెట్టెలూ ఒకే సప్లై మీద ఉన్నాయి. అందులోంచి ఒకదాన్నొకటి పట్టేసుకున్నాయి. అది నిలకడ కాదు. ఇప్పుడు విడదీశాం. గీత ఇదిగో, ఇలా ఉంది."

మెట్ల మీద ఎవరో కిసుక్కున నవ్వారు. పెద్దాయన నవ్వలేదు. తెరకి దగ్గరగా వంగి, వంకర గీతని ఆసాంతం చూశాడు.

"పట్టేసుకున్నాయని ఎలా తెలిసింది?"

డాక్టరు గొంతు సవరించుకున్నాడు. ఇక్కడ ఓ పెద్ద మాట వేసి, ప్రయోగం చేశామనో, అనుమానం వచ్చిందనో అనేస్తే ఎవరికీ తెలిసేది కాదు. గుమ్మంలో మంచినీళ్ళ పళ్ళెంతో నిలబడ్డ అక్కయ్య అదే అనుకుంది.

"పెరుగండీ," అన్నాడు డాక్టరు.

"ఏమిటీ?"

"మా ఆవిడ నా పెట్టె మీద పెరుగు తోడుపెట్టింది. గీత కదల్లేదు. ఎందుకు కదల్లేదని తనకే అనుమానం వచ్చింది. మా ఇద్దరికీ రాలేదు."

ఈసారి అందరూ నవ్వారు. పెద్దాయన మాత్రం గుమ్మం వైపు తిరిగాడు. "పాలు ఎంత వేడి, అక్కయ్యా?"

"వేలు పెడితే ఓర్చుకునేంత, బాబాయిగారూ."

"ఎంతసేపు?"

"ఆయన వెళ్ళినప్పటినించి వచ్చేదాకా."

"చాలు, చాలా ఎక్కువ," అన్నాడాయన, తనలో తను లెక్క కట్టుకుంటున్నట్టు. తర్వాత తన పెట్టె తగిలించాడు. దాని బ్యాటరీతో దాన్నే నడవనిచ్చాడు.

మూడు పెట్టెలుంటే దాపరికం కుదరదు. ఎవరు ఎవరితో పొసగడం లేదో చూస్తే, తేడా ఎవరిదో తెలిసిపోతుంది. భోజనాలయ్యేసరికి తెలిసింది. తమ్ముడి పెట్టె రాయిలానే కూర్చుంది. మెలికలు తిరుగుతున్నది డాక్టరుది. ఏళ్ళ తరబడి ఎదురుచూసిన రోజు తమ్ముడికి వచ్చింది. వాడు బావ మొహంలోకి ఒకసారి చూసి, "అక్కయ్యా, ఇంకొంచెం మజ్జిగుందా?" అని అడిగాడు.

పెద్దాయన చేతులు తుడుచుకున్నాడు. "రుబీడియం ఇక్కడుంటుంది."

డాక్టరు తల ఎత్తాడు. సంఘంలో ఒకాయన, "నిలకడ లేదని ఇప్పుడే కదండీ..." అని మొదలుపెట్టాడు.

"మంచి గీత చూసి మురిసిపోయేవాళ్ళం అందరం ఉన్నాం. మంచి గీత చూసి కంగారుపడే మనిషి మనలో లేడు. రుబీడియం ఎవరికీ ఎదురు చెప్పదు. దానికి ఎదురు చెప్పేవాళ్ళు పక్కనుండాలి." పెద్దాయన అక్కయ్య వైపు తిరిగాడు. "నీకు అప్పగిస్తున్నానమ్మా. ఆయనకి కాదు."

"నాకొద్దు," అంది అక్కయ్య.

డాక్టరు వైపు చూడకుండా ఆవిడ పళ్ళెం కింద పెట్టింది. "పెట్టె రాకపోతే ఈ గది నాకిస్తానన్నారు ఈయన. మధ్యాహ్నం ఓ గంట పడుకుందామని ఏళ్ళబట్టి చూస్తున్నాను. ఇప్పుడు ఇదొస్తే, తలుపు తియ్యకు, అడుగు గట్టిగా వెయ్యకు. దానికి నేను కాపలా. నాకేమొచ్చినట్టు?"

పెద్దాయన ఆలోచించాడు. ఆయన ఉద్యోగంలో ఇలాంటి దరఖాస్తు వచ్చి ఉండదు. "మధ్యాహ్నం మనిషి కదలకుండా పడుకుంటే గదిలో వేడి పెద్దగా మారదు. తలుపు తీస్తూ మూస్తూ ఉంటేనే మారుతుంది," అన్నాడు చివరికి.

"ఎవరూ తియ్యకూడదంటారు."

"తియ్యకూడదు."

"ఆయన కూడా?"

"ముఖ్యంగా ఆయన."

తమ్ముడు మొహం తిప్పుకుని, గోడవైపు చూసి నవ్వుకున్నాడు.

ఆ సాయంత్రమే రెండు స్ఫటికాల పెట్టెలూ ముందుగదికి, రంపానికి ఎదురుగా, బదిలీ అయ్యాయి. మంచం ఇద్దరూ మోశారు. డాక్టరు తలవైపు పట్టుకున్నాడు. మెట్ల మలుపు దగ్గర వేళ్ళు నలిగినా మాట తప్పాడని అనిపించుకోలేదు. రుబీడియాన్ని గోడవారన బల్ల మీద పెట్టారు. అందులో చిన్న ఫ్యాను సన్నగా తిరుగుతోంది.

సోమవారం మధ్యాహ్నం డాక్టరు క్లినిక్కు మధ్యలో ఇంటికొచ్చాడు. ఇన్నేళ్ళలో ఎప్పుడూ అలా వచ్చింది లేదు. మెట్ల పక్కన గది తలుపు మూసి ఉంది. కాసేపు అటూ ఇటూ తిరిగి, తలుపుకి మొహం ఆనించి, మెత్తగా పిలిచాడు.

"ఏమోయ్. ఎలా ఉంది?"

లోపలినుంచి జవాబు రావడానికి కొంచెం టైము పట్టింది.

"బాగుంది. మీరు తలుపుకి ఊపిరి ఊదకండి."